రెండో రీలు ముందు

ఇరవై ఒక్క ఏళ్ల వయసులో నాకు దేవుడి మీద కన్నా నా ఇంగ్లీషు మీద ఎక్కువ నమ్మకం ఉండేది. బి.కాం. సెకండ్ క్లాసులో పాసై, సాక్చీలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, 'యాక్చువల్లీ' అనకుండా ఒక్క వాక్యమూ మొదలుపెట్టని కాలం అది. ఫోన్లకి కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మాది ఉక్కు కంపెనీ కట్టిన ఊరు, మేముండేది కార్మికుల పేట బారిడీహ్‌లో. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత పొట్ట చేతపట్టుకుని వచ్చి కంపెనీలో చేరాడు, ఆయన వెనకే మా నాన్న చేరాడు. నాన్నది బాయిలర్ హౌస్. కుర్రతనంలో పారతో బొగ్గు తోశాడు, తరవాత మీటర్ల ముందు నిలబడ్డాడు, ఆ మీటర్ల ముందే తల నెరిసింది. నేను మాత్రం నా పుట్టుకలో ఏదో పొరపాటు జరిగిందనీ, అసలు ఆఫీసర్ల బంగళాల్లో పుట్టవలసినదాన్ననీ గట్టిగా అనుకునేదాన్ని. (ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనకపోయినా మా అమ్మకి తెలుసు. "నడక సూడు, గవర్నరు కూతురిలాగ" అని గిన్నెలు తోముతూ అనేది.)

అలాంటి నాకు ఆ బంగళాల్లోనే ఉద్యోగం దొరికింది. కంపెనీలో చాలా పెద్ద హోదాలో చేసి రిటైరైన ఒక సాబు పేపర్లో చిన్న ప్రకటన ఇచ్చారు: ఇంగ్లీషు బాగా వచ్చిన సహాయకురాలు కావాలి అని. వెళ్లాను. ఆయన నా సర్టిఫికెట్లు చూడనే లేదు, "ఫాదర్?" అని మాత్రం అడిగారు. "ఇన్ ఆపరేషన్స్, సర్" అన్నాను. అబద్ధం కాదు. బాయిలర్‌ని ఆపరేట్ చేసేవాడు. సాబు మాత్రం ఆ మాటకి తనకి తోచిన కుర్చీ, బల్ల, గది జతచేసుకుని సంతృప్తిగా తలూపారు. నేనూ ఆయన సంతృప్తిని పాడుచెయ్యలేదు.

ఆయనకి పాత మూగ సినిమాల పిచ్చి. అన్ని రకాలూ కాదు, హాస్యం మాత్రమే. హాస్యంలోనూ ఒకే ఒక్క రకం: ఉన్నవాడు బురదలో పడాలి, లేనివాడు వాడి కుర్చీలో కూర్చోవాలి. అలాంటి సినిమాల రీళ్లు డబ్బాలకి డబ్బాలు, ఏసీ పెట్టిన గదిలో, మా ఇంట్లో పెళ్లి చీరలకి కూడా దొరకని మర్యాదతో ఉండేవి. నా పని వాటికి కార్డులు టైపు చెయ్యడం. ప్రతి కార్డు మీదా ఆయన చెప్పిన వివరాలు ఉండాలి: ధనికుడు ఎన్నిసార్లు పడ్డాడు, పేదవాడు ఎన్ని తన్నులు తిన్నాడు, పోలీసు ఎవరి వెంట పడ్డాడు. (పోలీసు ఎప్పుడూ ఒకరి వెంటే పడేవాడు. ఆ గడి నింపడం తేలిక.) నెలకి ఒక ఆదివారం మధ్యాహ్నం పరదాలు వేసి, డ్రాయింగ్ రూములో స్నేహితులకి ఆ సినిమాలు చూపించేవారు. వచ్చేవాళ్లందరూ కార్లలో వచ్చేవాళ్లే. తెర మీద పొడుగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి మెట్ల మీంచి దొర్లుతుంటే సోఫాల్లో పడీపడీ నవ్వేవారు. ఇంత ఉన్నవాళ్లు ఉన్నవాడు పడితే ఎందుకింతగా నవ్వుతారా అని కొన్ని నెలలు ఆలోచించాను. చివరికి తెలిసింది. ఉన్నవాడంటే తమకన్నా ఇంకొంచెం ఉన్నవాడని ప్రతివాళ్ల ఉద్దేశమూను. ఆ లెక్కన నేనూ వాళ్లతో కలిసి, వాళ్లంత మోతాదులోనే నవ్వేదాన్ని.

నాన్న మాత్రం నా ఉద్యోగం సంగతి విని పొంగిపోయాడు. "ఆ సాబు మా బాయిలర్‌కి రెండుసార్లు ఇనస్పెక్షన్‌కి వచ్చినాడమ్మా. ఒకసారి నా పక్కనుంచే ఎల్లినాడు" అని చెప్పాడు, అదేదో బంధుత్వం అయినట్టు.

సాబు దగ్గరున్న వాటిలో ఆయన ప్రాణం పెట్టుకున్నది రెండు రీళ్ల సినిమా ఒకటి. పేరు తెలియదు. మొదట్లో పేర్లు పడే ముక్క తెగిపోయింది, ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియదు, ఇంకో కాపీ ఎక్కడా లేదని ఆయన నమ్మకం. ఒక రీలులో బాయిలర్‌లో బొగ్గు తోసే కూలివాడు ఒకడు మంచి కోటు వేసుకుని ఫ్యాక్టరీ యజమాని బంగళాలో విందులో ఉంటాడు. అందరూ వాణ్ని ఎవరో ప్రభువనుకుంటారు. వాడు చేతులు కడుక్కునే గిన్నెలో నీళ్లు తాగుతాడు, నాట్యం చేస్తాడు, చివరికి యజమాని కారెక్కి చెయ్యి ఊపుతూ గేటు దాటిపోతాడు. ఇంకో రీలులో అదే కూలివాడు బాయిలర్ దగ్గర చెమటలు కక్కుతుంటాడు. యజమాని తనిఖీకి వచ్చి బొగ్గుకుప్పలో పడి ముఖమంతా నల్లగా లేస్తాడు. మేస్త్రీ గుర్తుపట్టక, కొత్త కూలివాడనుకుని చేతికి పార ఇస్తాడు. కూలివాడు కుప్ప మీద కూర్చుని రొట్టె తింటూ నవ్వుతాడు. బంగళా రీలు ముందు, బొగ్గు రీలు తరవాత, అలాగే సాబు పదకొండేళ్లుగా చూపిస్తున్నారు. కారెక్కించి సాగనంపిన కూలివాడు తిరిగి తన బొగ్గు దగ్గరికే వచ్చి హాయిగా నవ్వాడని ఆయన వివరణ. సినిమా అయ్యాక లేచి నిలబడి, ఎవరి ఆనందం వాళ్ల చోట్లోనే ఉందని రెండు నిమిషాలు మాట్లాడేవారు. అతిథులు చప్పట్లు కొట్టేవారు. వంటమనిషి టీ ట్రేతో వచ్చేవాడు.

ఆ సినిమా చూడ్డానికి కలకత్తా నుంచి ఇద్దరు రావడంతోనే నా కథ మొదలైంది. ఇద్దరూ సాబులాగే రీళ్లు పోగుచేసేవాళ్లు, తమ దగ్గరున్న మూడు సినిమాలు ఇచ్చి దీన్ని పట్టుకుపోదామని వచ్చారు. ఒకాయన ప్రతి రీలునీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. పాత ఫిల్ము పాడవడం మొదలుపెడితే వెనిగర్ వాసన వస్తుందట. ఆయనకి వాసన బాబు అని మనసులో పేరు పెట్టుకున్నాను. రెండో ఆయనకి సినిమా అక్కర్లేదు, రేకు డబ్బా కావాలి. డబ్బా అసలుదేనా, మూత దానిదేనా, అంచు నొక్కు పడిందా అని గంటసేపు చూసేవాడు, తెర వైపు మాత్రం చూసేవాడు కాదు. ఆయన డబ్బాల బాబు. కలకత్తాలో ఆయనకి పెద్ద ఆఫీసు ఉందనీ, ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి కోసం చూస్తున్నాడనీ, నా పేరు చెబుతాననీ సాబు మాట ఇచ్చారు. ఇంక చూడండి నా సంబరం. ఆ ఆదివారం మధ్యాహ్నం మీదే నా జీవితమంతా ఆధారపడి ఉందనుకున్నాను. అతిథులతో పాటు నాకూ భోజనం అక్కడే, ఫోర్కుతో తినాలి. వారం రోజులు ఇంట్లో చెంచాతో సాధన చేశాను. అమ్మ కట్టిన క్యారియర్ కావాలనే గుమ్మం దగ్గర వదిలేసి టెంపో ఎక్కాను.

నేను మరిచిపోయాననుకుంది అమ్మ. పొద్దుటి ఏ-షిఫ్టు దిగి నాన్న ఇంటికి రాగానే, పిల్ల ఆకలితో ఉంటుందని ఆయన్ని మళ్లీ సైకిలెక్కించింది.

భోజనాలయ్యాక, మూడున్నరకి డ్రాయింగ్ రూములో అన్నీ సిద్ధమయ్యాయి. వాసన బాబు మొదటి రీలు ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం అదోలా పెట్టి, ఇది వెనిగర్ కాదు, ఇలాంటి వాసన తన ముప్ఫై ఏళ్ల అనుభవంలో ఎరగనన్నాడు. సాబు ముఖం పాలిపోయింది. అప్పుడు నేను గుమ్మం వైపు చూశాను. ఖాకీ ప్యాంటుతో, మెడలో తువ్వాలుతో, చేతిలో క్యారియర్‌తో నాన్న నిలబడి ఉన్నాడు. క్యారియర్‌లో ఎండు నెత్తళ్ల చేపల వేపుడు. ఆ వాసన ఆయనకన్నా ముందే లోపలికి వచ్చేసింది.

"ఎవరతను?" అని డబ్బాల బాబు ఇంగ్లీషులో అడిగాడు. అడిగింది నన్నే. మొట్టమొదటిసారి నా వైపు చూసి అడిగాడు.

"టిఫిన్ తెచ్చే మనిషి, సర్" అన్నాను.

అదీ ఇంగ్లీషులోనే అన్నాను. ముప్ఫై నాలుగేళ్లు ఇంగ్లీషు బోర్డుల మధ్య పనిచేసిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకున్నానో, వచ్చినా ఫరవాలేదనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. నాన్న ముఖంలో ఏమీ మారలేదు. క్యారియర్ గోడవారగా పెట్టి, సాబుకి నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు. వెళ్లిపోయేవాడే. సరిగ్గా అప్పుడే తెర పక్క కిటికీ పరదా కడ్డీ ఒకవైపు ఊడి వేలాడింది, ఎండ నేరుగా తెర మీద పడింది. వంటమనిషి వంటగదిలో ఉన్నాడు. సాబు నాన్నని పిలిచి, కాసేపు ఈ పరదా పట్టుకుని నిలబడమని హిందీలో చెప్పారు. నాన్న చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి పరదా పట్టుకుని నిలబడ్డాడు. నేను లైటు ఆర్పాను. అది నా పని.

పన్నెండు నిమిషాలు బంగళా రీలు నడిచింది. కూలివాడి కోటు కింద పాత బూట్లు కనిపిస్తుంటాయి. కుడి బూటు ముందు భాగం విడిపోకుండా తీగతో కట్టి ఉంటుంది. నాట్యంలో ఆ తీగ ఒక దొరసాని గౌనుకి తగులుకుని గౌను కుట్లు విప్పుకుంటూ పోతుంది. అక్కడ అందరం నవ్వాలి. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తెర వెలుగులో నాన్న చేతులు కనిపిస్తున్నాయి. ఒక చెయ్యి నొప్పెడితే దాన్ని దించి రెండో చేత్తో పట్టుకుంటున్నాడు. ఆ పన్నెండు నిమిషాలూ నేను ఆలోచించింది ఏమిటంటే, సినిమా అవగానే ఈయన్ని ఎవరితోనూ మాట్లాడకుండా ఎలా పంపించెయ్యాలా అని. రాసుకుంటుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రీలు మార్చి బొగ్గు రీలు పెట్టారు. కూలివాడు పారతో బొగ్గు తోస్తున్నాడు. ఒక బొగ్గు పెళ్ల జారి వాడి కుడికాలి మీద పడింది. బూటు ముందు భాగం నోరు తెరుచుకుని ఉంది, వేళ్లు బయటికి కనిపిస్తున్నాయి, వాడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అప్పుడు పరదా కిందపడింది. గదంతా ఎండ. తెర మీద కూలివాడూ లేడు, బాయిలరూ లేదు.

"బుజ్జమ్మా, రీళ్లు ముందూ ఎనకా అయిపోనాయి" అన్నాడు నాన్న.

డబ్బాల బాబు చిరాకుగా సాబు వైపు చూశాడు. సాబు అంతకన్నా చిరాకుగా నా వైపు చూసి, అతనేమంటున్నాడని అడిగారు. నేను తడబడుతూ చెప్పాను. అతనికెలా తెలుసని డబ్బాల బాబు అడిగాడు. అడిగిన తీరులో ప్రశ్న కన్నా నవ్వు ఎక్కువగా ఉంది. నాన్న సాబుకేసి తిరిగి, తన ఫ్యాక్టరీ హిందీలో, మీటర్ రీడింగ్ చెప్పినంత మామూలుగా చెప్పుకొచ్చాడు. ముందు చూపించినదాంట్లో బూటుకి తీగ కట్టి ఉంది. ఇప్పుడు తీగ లేదు, బూటు నోరు తెరుచుకుని ఉంది. విడిపోయిన బూటుకి ఎవడైనా తీగ కడతాడు గాని, కట్టిన తీగ విప్పేసి వేళ్లు బయటపెట్టుకుని బొగ్గులోకి ఎవడూ దిగడు. అందుకని ఇది ముందు, అది వెనక. తను కూడా మొదట్లో రెండేళ్లు అలాంటి తీగ కట్టిన బూటుతోనే పనిచేశాను కాబట్టి చెబుతున్నానన్నాడు. పైగా ఆ నటుడెవరో నిజంగా బొగ్గు తోసినవాడేననీ, నడుముతో తోస్తున్నాడు గాని చేతులతో కాదనీ మెచ్చుకున్నాడు.

వాసన బాబు లేచి రెండు రీళ్లూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దంతో ఒక్కొక్క బొమ్మే చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, అతను చెప్పింది నిజం అన్నాడు. సాబు సోఫాలో మెల్లిగా కూర్చున్నారు. పదకొండేళ్ల ఉపన్యాసం ఆయన కళ్లముందు తలకిందులైంది. కాసేపటికి నాన్న వైపు చూసి, ఎక్కడ పని అని అడిగారు. బాయిలర్ హౌస్ అని చెప్పాడు నాన్న. తరవాత నా వైపు చెయ్యి చూపించి, ఈ అమ్మాయి నీకు తెలుసా, పేరుపెట్టి పిలిచావు అని అడిగారు.

నాన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. "మా బారిడీహ్ పిల్లే సాబ్. తెలుగువాళ్లమ్మాయి. చిన్నప్పట్నుంచీ ఎరుగుదును" అన్నాడు హిందీలో.

నా అబద్ధాన్ని కాపాడుతున్నాడు. టిఫినూ, మనిషీ, రెండు మాటలూ ఆయనకి అర్థమయ్యాయన్నమాట. అప్పటికైనా నేను నోరు తెరిచి నిజం చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. నేల మీద గళ్లు లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఇప్పుడు సరైన వరుసలో వేసి చూద్దామన్నాడు వాసన బాబు. రీళ్లు మార్చారు. నాన్న వెళ్లి మళ్లీ పరదా ఎత్తి పట్టుకున్నాడు. నేను స్విచ్చు దగ్గరికి వెళ్లాను, కాని లైటు ఆర్పలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి ఆయన చేతిలోంచి పరదా లాక్కున్నాను.

"ఇలాగియ్యి నాన్నా. నువ్వెళ్లి కూర్చో."

కలకత్తా బాబులకి ఆ మాట అర్థం కాలేదు. సాబు మాత్రం తెలుగువాళ్లతో ముప్ఫై ఏళ్లు పనిచేయించిన మనిషి, తెలుగు రాకపోయినా 'నాన్నా' అన్న ఒక్క మాట తెలుసు. మెల్లిగా నా వైపు తిరిగారు.

"ఆపరేషన్స్?" అన్నారు.

"యాక్చువల్లీ, బాయిలర్ ఆపరేషన్స్, సర్."

ఆయన నవ్వుతారో కోప్పడతారో తెలియలేదు. ఏదీ చెయ్యలేదు. లేచి, గోడవారనున్న కుర్చీ ఒకటి స్వయంగా లాగి తెర ముందు వేశారు. నాన్న వద్దంటే వద్దని, చివరికి దాని అంచు మీద, ఎవరైనా లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా కూర్చున్నాడు. రెండు రీళ్లూ నేనే పరదా పట్టుకున్నాను. పది నిమిషాలకే భుజాలు పట్టేశాయి.

సరైన వరుసలో అది వేరే సినిమా. యజమాని బొగ్గులో పడతాడు, చేతికి పార వస్తుంది. కూలివాడు బూటుకి తీగ కట్టుకుని యజమాని బంగళాకి వెళతాడు, యజమాని విందు తింటాడు, యజమాని కారెక్కి నవ్వుతూ వెళ్లిపోతాడు. అంతే, అయిపోయింది. ఎవడూ తన చోటికి తిరిగి రాడు. పదకొండేళ్లుగా ఆ బంగళాలో యజమాని ఎందుకు కనిపించడో ఎవరికీ తెలియలేదు. ఊరెళ్లాడని సాబు చెబుతుండేవారు. ఊరు కాదు, బాయిలర్ దగ్గర బొగ్గు తోస్తున్నాడు. లైటు వేశాక సోఫాల మీద ఎవరూ నవ్వలేదు. వంటగది గుమ్మం దగ్గర నుంచి మాత్రం ఒక నవ్వు వినిపించింది. వంటమనిషి చేతిలో ట్రే గలగలలాడుతోంది.

శాస్త్రప్రకారం ఇదే సరైనదని సాబు ఒప్పుకున్నారు. అయినా పాత వరుసలోనే కళ ఎక్కువ ఉందన్నారు. డబ్బాల బాబు వెంటనే అవునన్నాడు. తన అతిథులకి ఈ ముగింపు నచ్చదని చెప్పి, మార్పిడి వద్దనుకుని, ఖాళీ డబ్బా అయినా ఇస్తారేమోనని అడిగాడు. నా ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. ఫోర్కుతో నేను తిన్న మొదటి భోజనం ఆ విధంగా వృథా అయింది. ఇక వాసన బాబు వల్ల లాభం నాకు కాక నాన్నకి కలిగింది. రెండు నెలల తరవాత మా బారిడీహ్ అడ్రసుకి ఒక కవరు వచ్చింది. లోపల వేరే సినిమాలోని కూలివాళ్ల ఫోటోలు, వాళ్ల చేతి తొడుగులు చూసి ఏది ముందో ఏది వెనకో దయచేసి చెప్పగలరా అని ఒక ఉత్తరం. నాన్న నాలుగు రోజులు ఆ ఫోటోలు డ్యూటీకి పట్టుకెళ్లి, షిఫ్టు మొత్తాన్నీ సంప్రదించి జవాబు రాయించాడు. నా చేతే, నా ఇంగ్లీషులోనే.

సాబు దగ్గర ఇంకో ఏడాది పనిచేశాను. ఆ సినిమాకి నా చేత రెండు కార్డులు టైపు చేయించారు. ఒకటి సరైన వరుసతో, ఒకటి అతిథుల వరుసతో.

ఆ సాయంత్రం నాన్నా నేనూ నడిచే వచ్చాం. ఆయన సైకిలు తోస్తున్నాడు, హ్యాండిల్‌కి క్యారియర్ వేలాడుతోంది. చెట్ల నీడల రోడ్లు దాటి, సాక్చీ రద్దీ దాటేదాకా నేను తిట్లకోసం ఎదురుచూశాను. ఏమైనా అంటే ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం కాసిడీహ్ మలుపులో ఆగి, ఆకలేత్తందా అని అడిగి, అక్కడే ఒక అరుగు మీద కూర్చోబెట్టి క్యారియర్ విప్పాడు. వేళ్లతో కలుపుకుని తిన్నాను. ఆయన రోడ్డువైపు చూస్తూ ఏదో ఆలోచిస్తున్నాడు.

"అయితే అమ్మా," అన్నాడు చివరికి, "ఆ ఓనరు మరి ఇంటికెల్లినాడా?"

అది సినిమాలో లేదన్నాను.

"ఎల్లినాడే అనుకో. ముకం నిండా బొగ్గే కదా. పిల్లలు గుర్తుపడతారంటావా?"

ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు, నిష్ఠూరం లేదు. ఆ యజమాని గురించి నిజంగానే దిగులుపడుతున్నాడేమో. మా నాన్న అలాంటి మనిషే. ఇన్నేళ్లయినా ఆ మాట ఎవరి గురించి అడిగాడో నేను తేల్చుకోలేకపోయాను, ఆయన్ని అడగడానికి ధైర్యమూ చాలలేదు.

"కొంచెం ఆలస్యంగా గుర్తుపడతారు నాన్నా" అన్నాను.

"పోన్లే. గుర్తుపడితే సాలు" అని ఆయన తువ్వాలుతో నా గడ్డానికి అంటిన మెతుకు తుడిచాడు. ఆ అరుగు మీద, ఫోర్కు సాధన చేసిన చేత్తో నెత్తళ్లు నంజుకుంటూ, కళ్లనీళ్లు కారం వల్లేనని నటిస్తూ కూర్చున్న ఆ గవర్నరు కూతుర్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త జాలీ వేస్తుంది. పక్కన కూర్చుని, ఇంకో ముద్ద తినవే అని చెప్పాలనిపిస్తుంది.